ఒక రూక భోజనం, ఒక రైలు డబ్బా, కొన్ని ఉత్తరాలు

(పాఠకుల ప్రశ్నలు – జవాబులు)

గత సంచికలో ఈ శీర్షిక చివర, కొద్ది నెలలుగా నేను చదివిన పుస్తకాల పేర్లు కొన్ని రాసినాను. వాటిలో ఓరుగల్లు వీధులను వర్ణించే ఒక పాత కావ్యం, దాదాపు రెండు వందల ఏళ్ల కిందటి కాశీయాత్ర, జపానులోని ఒక చిన్నపిల్ల బడి ముచ్చట, ఆదిలాబాదు పెద్దమనిషి ఒకరి జ్ఞాపకాలు, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు చెప్పుకున్న సంగతులు ఉన్నాయి. ఆ జాబితా చూసి కొందరు సంతోషించినారు, కొందరు కోప్పడినారు, ఒకరు నా ఆరోగ్యం గురించి కూడా అడిగినారు. ఆరోగ్యం బాగానే ఉన్నది. మిగిలిన ఉత్తరాలకు ఈసారి జవాబులు ఇస్తున్నాను.

ప్రశ్న: మీ జాబితా అంగడి నాడు ఇంటికి తెచ్చిన సంచి తీరుగా ఉన్నది, వంకాయల పక్కన సబ్బుబిళ్ల, దాని పక్కన నోటుబుక్కు. ఒక కవిని పట్టుకుంటే ఆ కవి కాలాన్ని, తోటి కవులను పూర్తిగా చదివిన తరువాతనే మరొకరి జోలికి పోవాలని మా గురువులు చెప్పేవారు. సాహిత్యం బోధించిన మీరే ఇట్లా చదివితే పిల్లలకు ఏమి చెప్పగలం?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్

జవాబు: అంగడి సంచి పోలిక నాకు నచ్చింది, ఎందుకంటే అందులోని సరుకంతా పోయేది ఒకే ఇంటికి. అయినా మీరు అడిగినది తేలికగా తీసేయదగిన మాట కాదు గనుక కొంచెం వివరంగా చెబుతాను. కళాశాలలో ముప్పై ఏళ్లకు పైగా నేను పాఠ్యప్రణాళిక వరుసలోనే చదివినాను, ఆ వరుసలోనే చెప్పినాను. ఆ చదువులో ప్రతి కావ్యానికీ ఒక ప్రధానాంశం ఉండేది. పిల్లలు పరీక్షలో దానినే రాసేవారు, నేను దానికే మార్కులు వేసేవాడిని. ఉద్యోగం ముగిసి, అవే పుస్తకాలను ఏ తొందరా లేకుండా మళ్లీ తెరిచినప్పుడు, ప్రధానాంశాలన్నీ నోటికి వస్తున్నాయి గాని వాటి చుట్టూ ఇంకా ఏమేమి ఉన్నదో నేను ఎన్నడూ చూడలేదని తెలిసి సిగ్గుపడినాను.

క్రీడాభిరామాన్నే తీసుకోండి. గోవింద మంచన శర్మ, టిట్టిభ సెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధులలో తిరుగుతూ కంటబడిన వాటినన్నిటినీ గురించి మాట్లాడుకుంటారు. కథ అంటూ ఉన్నది అంతే. కాకతీయ రాజ్యం 1323లో కూలిపోయిన తరువాత పుట్టిన కావ్యమైనా, అది చూపించేది ప్రతాపరుద్రుని నాటి పట్టణాన్ని. ఇది రావిపాటి త్రిపురాంతకుని సంస్కృత ప్రేమాభిరామానికి తెలుగు రూపమని, వీథి అనే ఒక రకం నాటకమని, వల్లభరాయుడిదా శ్రీనాథుడిదా అన్న వివాదం ఉన్నదని నేను ఎన్ని తరగతులలో చెప్పినానో లెక్కలేదు. కాని అందులో పూటకూళ్ల ఇంటి పద్యం ఒకటి ఉన్నది. దానిని మాత్రం ఎప్పుడూ గబగబా చదివి దాటేసేవాడిని. లక్ష్మణవజ్ఝల వారి ఇంట ఒక రూక (ఆనాటి నాణెం) ఇస్తే ఏమి పెడతారో ఆ పద్యం చెబుతుంది: కప్పురభోగి అనే మేలురకం బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, కొత్తగా కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజులు, గడ్డకట్టిన పెరుగు. ఖిలా వరంగల్‌లో నాలుగు కీర్తి తోరణాల నడుమ, స్వయంభూ దేవాలయపు శిథిలాల దగ్గర నేను ఎన్నోసార్లు నిలబడినాను, వచ్చిన చుట్టాలకు ఆ రాతిపనిని చూపించి గొప్పలు చెప్పినాను. ఆ గోడల లోపల బతికిన మనిషికి మధ్యాహ్నం ఆకలైతే ఎక్కడికి పోయేవాడన్న ప్రశ్న మాత్రం నాకు ఒక్కనాడూ తట్టలేదు.

ఆ ప్రశ్న తట్టిన మనిషి సురవరం ప్రతాపరెడ్డి. క్రీడాభిరామం ముగించిన మరునాడే నేను ఆయన రాసిన ఆంధ్రుల సాంఘిక చరిత్రను తీయడానికి కారణం అదే. రాజుల వంశవృక్షాలను పక్కనబెట్టి, జనం ఏమి తిన్నారు, ఏమి కట్టుకున్నారు, ఏ ఆటలాడినారు, దేనికి భయపడినారు అన్న సంగతులను ఆయన కావ్యాలలో నుంచి ఏరినాడు. పద్యాన్ని అలంకారం కోసం కాక సాక్ష్యం కోసం చదివినాడు. సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన మొదటి పురస్కారం 1955లో ఆ పుస్తకానికే వచ్చింది. అప్పటికి రెండేళ్ల ముందే, 1953లో, ఆయన కన్నుమూసినాడు. కొన్ని చోట్ల ఆయన ఒక్క పద్యం మీద మోయలేనంత బరువు పెట్టినాడని నాకు అనిపిస్తుంది. కవి వర్ణించినంత మాత్రాన ఊరంతా అట్లాగే ఉండేదని చెప్పలేము. ఆ అనుమానంతోనే, కవిత్వం కాని సాక్ష్యం ఒకటి చూద్దామని ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్రను తెరిచినాను. 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి పల్లకీలతో, పరివారంతో బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగివచ్చిన అక్కడి సుప్రీంకోర్టు దుబాసీ (కోర్టులో అనువాదం చెప్పే ఉద్యోగి), హైదరాబాదు దాటి మన నిర్మల్ మీదుగా నాగపూరు దారి పట్టినాడు. మజిలీ మజిలీకి నీళ్లు మంచివా కావా, దుకాణాలు ఉన్నాయా లేవా, దిగడానికి వసతి ఏమిటి అని ఆయన రాసుకుంటూ పోయినాడు. ఆయన ప్రయాణం పుణ్యం కోసం, రాతలో మాత్రం బావుల లెక్క తప్పలేదు.

కాబట్టి ఆ మూడు పుస్తకాలు మీకు వేరువేరు అరలలో ఉండవలసినవిగా కనిపించినా, నాకు ఒకే ప్రశ్న వెంట వచ్చినవి. పిల్లలకు మీ గురువుల పద్ధతినే చెప్పండి. పునాదికి అది అవసరం. డెబ్బై దాటిన మనిషిని మాత్రం ఇట్లా తిరగనివ్వండి.

ప్రశ్న: మీరు మెచ్చుకున్నారు కదా అని క్రీడాభిరామం తెప్పించి, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అబ్బాయి చేత బిగ్గరగా చదివించబోయినాను. నాలుగు పద్యాలకే పుస్తకం మూసి లోపల పెట్టవలసి వచ్చింది. ఇంత పచ్చిగా ఉన్నదని ముందే ఎందుకు చెప్పలేదు?
– గృహిణి, నర్సంపేట

జవాబు: తప్పు నాదే అమ్మా. మెచ్చుకునే తొందరలో ఆ హెచ్చరిక చేయడం మరచినాను. ఆ ఇద్దరు స్నేహితుల చూపు వేశ్యలుండే వాడల మీద, దారిన పోయే స్త్రీల మీద నిలిచినంతగా గుడుల మీద నిలవదు. కొన్ని పద్యాలను ఈ కాలపు చదువరి హాస్యంగా కూడా తీసుకోలేడు, తీసుకోనవసరమూ లేదు. బాబుకు పూటకూళ్ల పద్యం, కోడిపందెం, పొట్టేళ్ల పోట్లాట ఉన్న చోట్లు మాత్రం చూపించి పుస్తకాన్ని మళ్లీ పై అరలో పెట్టండి. ఊరి మీద ఇష్టం కలిగితే పెద్దయిన తరువాత తానే దించుకుంటాడు.

ప్రశ్న: నేను రైల్వేలో పనిచేసి రిటైరైనాను. మీ జాబితాలో రైలుబడి అన్న పేరు చూసి, మా శాఖ పుస్తకం కాబోలు అనుకుని కొన్నాను. ఇప్పుడు రోజూ రాత్రి మా మనుమరాలికి చదివి వినిపిస్తున్నాను. అది నిజంగా జరిగిందా? పిల్ల తనను కూడా ఆ బడిలోనే వేయమంటున్నది, ఏమి చెప్పాలి?
– కాజీపేట

జవాబు: నిజంగా జరిగింది. తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడిని గురించి 1981లో జపాను భాషలో ప్రచురించిన పుస్తకం అది. తొమోయె అనే ఆ బడి టోక్యోలో ఉండేది. పాత రైలు డబ్బాలే తరగతి గదులు. అల్లరి చేస్తున్నదని మరొక బడి వాళ్లు పంపించివేసిన చిన్నారి తెత్సుకో చేరవచ్చిన మొదటి రోజున, కొబయాషి అనే ప్రధానోపాధ్యాయుడు ఆ పిల్ల చెప్పే కబుర్లను, అడ్డు రాకుండా నాలుగు గంటలు విన్నాడు. నేను బడిలో చేరిననాడు మా పంతులు నా పేరు కూడా పూర్తిగా వినలేదు.

కొత్త డబ్బా వచ్చే రాత్రి ముచ్చట దగ్గరికి మీరు ఇప్పటికి వచ్చి ఉంటారు. పట్టాలు లేని చోటికి రైలు డబ్బా ఎట్లా వస్తుందో చూడాలని పిల్లలందరూ ఆ రాత్రి బడిలోనే పడుకుంటారు. నాకు అది వింతగా తోచింది. మీకు మాత్రం ఆ పని ఎంత జాగ్రత్తతో జరిగి ఉంటుందో కళ్లకు కట్టి ఉంటుంది. ఆ చోట చదవడం ఆపి, కాజీపేట జంక్షన్‌లో మీరు చూసిన డబ్బాల సంగతులు మనుమరాలికి చెప్పండి. పుస్తకం ఎక్కడికీ పోదు.

ఈ పుస్తకాన్ని విద్యావిధానం గురించిన పుస్తకంగానే అందరూ పొగుడుతారు, నేనూ ఒకప్పుడు ఉపాధ్యాయుల సమావేశాలలో అట్లాగే పొగిడినాను. ఈసారి చదువుతున్నప్పుడు నన్ను పట్టుకున్నది వేరొకటి. స్టేషనులో పైసలు వేస్తే మిఠాయి బిళ్లలు రావలసిన యంత్రం ఒకటి ఉంటుంది. ఆ పిల్ల వచ్చీపోయీ అందులో చూసుకుంటుంది, ఏమీ రాదు. యుద్ధం వచ్చిందని రచయిత్రి అక్కడ పెద్దగా చెప్పలేదు. ఖాళీ యంత్రాన్ని చూపించి ఊరుకున్నది. తరువాత 1945 బాంబుదాడులలో బడి కాలిపోవడం వస్తుంది గాని, నాకు గుబులు పుట్టింది మాత్రం ఆ మిఠాయి బిళ్లల దగ్గరనే.

మనుమరాలికి, ఆ బడి ఇప్పుడు లేదని నిజమే చెప్పండి. అయితే మరుగుదొడ్డి గుంతలో పడిన పైసల సంచి కోసం ఆ పిల్ల గుంతనంతా తోడిపోస్తుంటే, ప్రధానోపాధ్యాయుడు కోప్పడకుండా, అయిపోయిన తరువాత అంతా మళ్లీ లోపల పోస్తావు కదా అని మాత్రమే అడిగి పోతాడు చూడండి, ఆ పాటి తాతయ్య ఇంట్లో ఉంటే చాలునని నా నమ్మకం. ఎంత తోడినా ఆ సంచి దొరకలేదన్న సంగతి కూడా దాచవద్దు.

ప్రశ్న: సామల సదాశివ గారి యాది చదివినాను. మా అమ్మమ్మ నోట విన్న మాటలు అచ్చులో కనిపించేసరికి కడుపు నిండినట్టయింది. కాని నేను ఆఫీసులో అదే తీరుగా ఒక నోటు రాస్తే నవ్వుతారు. ఇంకొక సంగతి, ఏమీ అనుకోవద్దు: సదాశివ గారి భాషను మెచ్చుకునే మీరు ఈ శీర్షికను మాత్రం గ్రాంథికానికి దగ్గరగా ఎందుకు రాస్తారు?
– యువ ఉద్యోగి, ఆదిలాబాద్

జవాబు: అనుకోవడానికి ఏమున్నది, సరైన చోటనే పట్టుకున్నారు. సదాశివ గారికి ఉర్దూ, ఫారసీ సాహిత్యాలు బాగా తెలుసు. హిందుస్తానీ గాయకుల గురించి తెలుగులో ఆయన రాసినంత చవిగా రాసినవారు అరుదు. స్వరలయలు పుస్తకానికి 2011లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అంత చదువుకున్న మనిషి తన జ్ఞాపకాలు చెప్పుకునేటప్పుడు, ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడే భాషను ఎంచుకున్నాడు. ఎవరో గొప్ప ఉస్తాదు గురించి మొదలుపెట్టి, నడుమ తన ఊరి మనిషి ఒకరి మీదికి పోయి, ఆ దారిలో ఒక షేర్ (రెండు పాదాల ఉర్దూ పద్యం) చెప్పి, మళ్లీ వెనక్కి వస్తాడు. అట్లా పక్కకు పోయినప్పుడే ఆయన చెప్పవలసినది ఎక్కువగా చెబుతాడని నేను రెండోసారి చదివితే గాని గ్రహించలేదు. మొదటిసారి, అసలు సంగతికి ఎప్పుడు వస్తాడా అని విసుక్కున్నాను.

ఇక నా సంగతి. బడిపలుకుల భాష కాదు, పలుకుబడుల భాష కావాలని కాళోజీ చెప్పిన ఓరుగల్లులోనే ఉంటూ, ఆయన పాల్గొన్న సభలలో ముందు వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టి, మరునాడు తరగతికి పోయి, వచ్చిండు అని రాసిన పిల్లల జవాబుపత్రాల మీద ఎర్ర సిరాతో గీత గీసి వచ్చాడు అని దిద్దిన మనిషిని నేను. ఎన్ని గీతలు గీసినానో తలుచుకుంటే బాధగా ఉంటుంది. ఇప్పుడు ఆయన పుట్టినరోజైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. ఆ పిల్లలలో కొందరు ఆ సభలలో ఉపన్యాసాలు ఇస్తున్నారు. నా చేతికి మాత్రం పాత అలవాటు వదలలేదు. యాదిని చదివి దాని తీరున ఒక పుట రాసి చూసుకున్నాను. వేషం కట్టినట్టు కనిపించింది, చింపివేసినాను. మీకు ఇంకా వయసున్నది. ఆఫీసు నోటును ఆఫీసు తీరునే రాయండి గాని, మీ అమ్మమ్మ మాటలను ఒక నోటుబుక్కులో ఆమె పలికినట్టే రాసిపెట్టండి. ఎర్ర సిరా మాత్రం దగ్గర పెట్టుకోకండి.

ప్రశ్న: తెలంగాణ సాయుధ పోరాటం గురించిన మనకు తెలియని మన చరిత్ర పుస్తకంలోని స్త్రీల జ్ఞాపకాలను చరిత్రగా తీసుకోవచ్చునా? ముప్పై నలభై ఏళ్ల తరువాత చెప్పిన మాటలలో పొరపాట్లు ఉండవా? మా సెమినారులో దీని మీద పెద్ద వాదన జరిగింది.
– చరిత్ర విద్యార్థిని, హనుమకొండ

జవాబు: పొరపాట్లు తప్పక ఉంటాయి. ఏ దాడి ఏ నెలలో జరిగింది, దళంలో ఎంతమంది ఉన్నారు వంటి సంగతులకు ఆ పుస్తకాన్ని ఒక్కదానినే నమ్ముకుంటే మీ అధ్యాపకులు మార్కులు తగ్గించడం న్యాయమే. అటువంటి వాటికి కాగితాలు ఉన్నాయి, నాయకులు రాసిన చరిత్రలు ఉన్నాయి. కాని స్త్రీశక్తి సంఘటన వారు 1986లో ఆ పుస్తకాన్ని తెచ్చినప్పుడు వెతికినది ఆ సంగతులను కాదు. నాయకుల పుస్తకాలలో తీర్మానాలు, సమావేశాలు, వ్యూహాలు ఉంటాయి. వాటిని కూడా నేను చదివినాను, వాటి విలువ వాటికి ఉన్నది. ఆ సమావేశం జరుగుతున్నంతసేపు అన్నం వండినది ఎవరు, పోలీసులు దగ్గరలో ఉన్నప్పుడు పసిబిడ్డ ఏడిస్తే తల్లి ఏమి చేసింది, అడవిలో నెలసరి వస్తే ఎట్లా గడిచింది అన్న మాటలు వాటిలో దొరకవు. ఈ పుస్తకంలో ఒక తల్లి తన బిడ్డను ఇతరుల చేతిలో పెట్టి దళంలోకి తిరిగిపోయిన సంగతి చెబుతుంది. ఆ సంగతికి తేదీ ఉన్నా లేకున్నా, అందులోని నిజం తగ్గుతుందని నేను అనుకోను.

మీ వాదనలో ఎవరైనా ఎత్తినారో లేదో గాని, నాకు అంతకంటే ముఖ్యమనిపించినది పోరాటం తరువాతి భాగం. 1951 అక్టోబరులో సాయుధ పోరాటాన్ని విరమించిన తరువాత, తుపాకి పట్టిన ఆడవాళ్లను ఇంటికి పొమ్మన్నారు. ఇల్లేమో పాత ఇల్లే. పోరాటపు రోజుల గురించి వెలుగుతూ మాట్లాడిన గొంతులు ఆ చోటికి వచ్చేసరికి తగ్గుతాయి, మాటలు చిన్నవవుతాయి. మాట్లాడినది మాట్లాడినట్టే ఉంచినారు గనుక ఆ తేడా మనకు అచ్చులో కూడా వినిపిస్తుంది. సెమినారులో మళ్లీ వాదన జరిగితే, మీరు వాళ్లు చెప్పిన సంఘటనలతో పాటు, వాళ్లు ఏ చోట గొంతు తగ్గించినారో కూడా గుర్తించి చూపించండి. అదీ సాక్ష్యమే.

ఇంట్లో పెద్దవాళ్లుంటే ముందు వాళ్లను అడగమని కూడా చెబుతాను. మా పెద్దమ్మ రజాకార్ల కాలం గురించి ఎప్పుడు అడిగినా, పొలంలో పాతిపెట్టిన ఇత్తడి బిందెలు తరువాత దొరకలేదన్న ముచ్చటే చెప్పేది. చిన్నతనంలో మాకు నవ్వు వచ్చేది. ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే ఏమి చెప్పేదో, ఆమె పోయి ఇప్పటికి చాలా కాలమైంది.

ప్రశ్న: పోటీ పరీక్షలకు చదువుకుంటూ నడుమ నడుమ ఇటువంటి పుస్తకాలు చదువుతాను. నెల తిరిగేలోగా పాత్రల పేర్లు కూడా గుర్తుండవు. గుర్తుంచుకునే ఉపాయం చెప్పండి.
– జమ్మికుంట

జవాబు: పరీక్షకు కావలసినవి గుర్తుంచుకునే ఉపాయం మీకే బాగా తెలిసి ఉంటుంది. మిగతా వాటికి నేను చేసే పని ఒకటే. పుస్తకం ముగియగానే వెనక అట్ట లోపలి వైపు, పెన్సిలుతో, కథతో సంబంధం లేని మూడు నాలుగు సంగతులను పుటసంఖ్యలతో రాసిపెడతాను. యాది వెనక ఎవరి గొంతు గురించో ఒక మాట, కాశీయాత్ర వెనక బావులు, రైలుబడి వెనక మిఠాయి యంత్రం. ఏడాది తరువాత ఆ పుట తీస్తే, పేర్లు రాకపోయినా పుస్తకం తిరిగివస్తుంది. సిరాతో రాయకండి; గ్రంథాలయం పుస్తకమైతే పెన్సిలుతోనూ రాయకండి.

ప్రశ్న: మీరు చెప్పే పాత పుస్తకాలు మా ఊళ్లో దొరకవు. కాశీయాత్ర చరిత్ర ఎక్కడ చదవవచ్చు? మీ ప్రతి ఇస్తారా?
– ములుగు

జవాబు: హనుమకొండకు పని మీద వచ్చినప్పుడు రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయంలో అడిగి చూడండి. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలసిన మూడేళ్లకే, 1904లో ఇక్కడ మొదలైన గ్రంథాలయం అది. నిజాం కాలంలో తెలుగు పుస్తకం కోసం మనవాళ్లు పోయిన చోటు. వీరాస్వామయ్య పోయిన తరువాత 1838లో మొదట అచ్చయిన ఈ పుస్తకం ఆ తరువాత కూడా పలుమార్లు అచ్చయింది గనుక, పాత పుస్తకాల దుకాణాలలో కూడా దొరకవచ్చు.

నా ప్రతిని ఇచ్చేవాడినే గాని అది ఇప్పుడు నా దగ్గర లేదు. దసరా ముందు ఎవరో మిత్రులు చదివి ఇస్తానని తీసుకుపోయినారు. ఎవరో గుర్తు రావడం లేదు, అడిగిన నలుగురూ తాము కాదంటున్నారు. ఈ సంచిక వారి కంట పడితే, వెనక అట్ట లోపల పెన్సిలుతో రాసిన బావుల పుటసంఖ్యలను బట్టి అది నాదేనని పోల్చుకోవచ్చు. వారు తిరిగి ఇచ్చిన రోజున ములుగుకే పంపిస్తాను.